తుడిచినా పోని చుక్క

నేను ఒక వాక్యాన్ని. కథలోనో ఉత్తరంలోనో ఉండే వాక్యాన్ని కాను, కంప్యూటరుకు మాత్రమే అర్థమయ్యే జావాస్క్రిప్ట్ భాషలోని వాక్యాన్ని. కొత్త బొమ్మ గీసేముందు తెరమీది పాత బొమ్మను తుడిచెయ్యడం నా ఉద్యోగం. నన్ను మొదట రాసిన మహానుభావుడెవరో నాకే తెలియదు. ఆయన నన్ను ఇంటర్నెట్‌లో వదిలేశాక వేలమంది కాపీ కొట్టి, తామే రాశామని చెప్పి ప్రమోషన్లు కొట్టేశారు. పోనీలెండి.

అలా చేతులు మారి చివరికి ఒక మున్సిపాలిటీ నీళ్ల విభాగానికి చేరాను. అక్కడి వెబ్ పేజీలో ట్యాంకులు, కాలనీలు చుక్కలు, పైపులు గీతలు. రిఫ్రెష్ నొక్కితే చుక్కలన్నీ కొత్తచోట్ల సర్దుకుని పటం మళ్లీ గీసుకుంటుంది. దాన్ని తయారుచేసినవాడు గీయడం రాశాడు గానీ, తుడవడానికి నన్ను పెట్టడం మరిచాడు. అందుకని నేను రాకముందు పాత పటం మీదే కొత్త పటం పడేది.

ఇంజనీరు పురుషోత్తంరావుకు ఈ పొరపాటు తెగ నచ్చింది. రెండుసార్లు నొక్కితే పైపులు రెట్టింపు! ప్రతి సోమవారం కమిషనర్ ఆ తెర చూసే, పైపు లేని కాలనీలకు పనులు మంజూరు చేసేది. ఆమె వచ్చేలోపు ఆయన నాలుగుసార్లు నొక్కి, సాలెగూడులా చిక్కబడ్డ తెరను చూసి మీసం దువ్వుకునేవాడు. ఒక్క గుంత తవ్వకుండా అన్ని పైపులు వేసిన ఇంజనీరును నేనింకా చూడలేదు.

ఒకరోజు ఈదులగడ్డ కాలనీ నుంచి బుచ్చమ్మ ఖాళీ బిందెతో వచ్చింది. ట్యాంకరు వారానికోసారే వస్తోందని, తమకు పైపు వెయ్యమని అడిగింది. ఆయన తెర చూపించాడు.

"చూడమ్మా, మీ చుక్క మీదికెల్లి మూడు పైపులు పోతున్నయ్."

"అయితే అండ్ల ఒక్కటి మా గల్లీకి తిప్పుండ్రి సారూ."

ఆ పేజీని చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగి హైమవతి పక్క బల్ల దగ్గర ఈ మాట విన్నది. ఆ పూటే నన్ను వెతికి తెచ్చి, గీసే వాక్యానికి ముందు కూర్చోబెట్టింది. రిఫ్రెష్ నొక్కగానే తెరంతా ఒక్క ఊపులో తుడిచాను. కొత్త పటం వచ్చింది. ఈదులగడ్డ చుక్క ఒక్క గీతైనా లేకుండా మూలన నిలబడింది. నా పనికి నేనే మురిసిపోయాను.

పురుషోత్తంరావు మురవలేదు. "హైమా, నా పైపులన్నీ ఏడికి పోయినయ్?"

"అవి పైపులు కావు సార్, పాత బొమ్మలు."

"సోమవారం మేడం ఆ చుక్కను చూస్తే ఏం జెప్పాలె? పైపు వెయ్యాలంటే ఆర్నెల్లు. చుక్క తీసెయ్."

హైమవతి తియ్యనంది. ఆమె కాంట్రాక్టు పొడిగించే కాగితం తన బల్లమీదే ఉందని ఆయన గుర్తుచేశాడు. అయినా తియ్యనంది. దాంతో పదేళ్లుగా మౌసు ముట్టని మనిషి ఒక్కపూటలో కంప్యూటరు నేర్చుకుని, పటం గీయడానికి వాడే కాలనీల జాబితాలోంచి ఈదులగడ్డను తానే తీసేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను తుడిచేది మళ్లీ గీయడానికి. ఇక నేనెంత శుభ్రంగా తుడిచినా తెరమీదికి అబద్ధమే వస్తుంది.

సోమవారం పొద్దున, పురుషోత్తంరావు రాకముందే బుచ్చమ్మ మళ్లీ వచ్చింది. హైమవతి తెర చూపించి జరిగింది చెప్పింది.

"కంప్యూటర్ల లేకుంటే మేం లేనట్టేనా బిడ్డా?" అంటూ బుచ్చమ్మ నుదుటిమీది ఎర్రటి స్టిక్కరు బొట్టు తీసి తెర మూలన అంటించింది. "గిదే మా కాలనీ."

కాసేపటికి కమిషనర్ వచ్చి కూర్చుంది. పురుషోత్తంరావు హుషారుగా రిఫ్రెష్ నొక్కాడు. తుడిచాను. పటమంతా పోయి మళ్లీ వచ్చింది. ఎర్ర చుక్క మాత్రం కదల్లేదు. మళ్లీ నొక్కాడు, మళ్లీ తుడిచాను. ఐదోసారికి ఆయనకు చెమటలు పట్టాయి. అద్దం మీద అంటించింది నాకు అందదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా చేతకానితనానికి సంతోషించాను.

"ఒక్క పైపూ లేదే, ఇది ఏ కాలనీ?" అంది కమిషనర్.

తలుపు దగ్గర ఖాళీ బిందె నేలకు దించిన చప్పుడైంది.

"మాదేనమ్మా," అంది బుచ్చమ్మ.