ఒంటికాలి పరీక్ష

కండక్టరమ్మకు కుడి మోకాలు నొప్పి. బస్సెక్కిన ప్రతివాళ్ళూ ఆ మోకాలికి వైద్యం చెప్పినవాళ్ళే. ఒకరు పట్టీ కట్టమన్నారు, ఒకరు కాపడం పెట్టమన్నారు, వెనక సీటు పెద్దాయన బరువు తగ్గమని నోరుజారి, తన స్టాపు రాకముందే దిగిపోయాడు. ఆమె అన్నీ చేసి చూసింది. చుట్టపుచూపుగా వచ్చిన నొప్పి మకాం వేసింది.

నొప్పికి ఆమె జడిసే మనిషి కాదు. బెంగంతా నెలాఖరున డిపో డాక్టరు చేసే ఆరోగ్య పరీక్ష గురించే. కుంటుతోందని తేలితే బస్సు దింపి టికెట్ల కౌంటరులో కూర్చోబెడతారు. జీతం తగ్గదు. కానీ అద్దం వెనక కూర్చుని, కంతలోంచి దూరే చేతుల్ని చూస్తూ రోజులు వెళ్ళదీయడం ఆమె వల్ల కాదు. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోతే ఆమెను నిలబెట్టింది ఈ బస్సే. బడిసంచీలతో ఎక్కిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని చంకనెత్తుకుని ఎక్కుతున్నారు. ఎంతమంది దిగిపోయినా ఆమె బస్సులోనే ఉంది. ఇప్పుడు తనే దిగాలంటే మనసొప్పడం లేదు.

ఆమె చెల్లెలు ఫిజియోథెరపిస్టు. మోకాలిని వంచి, సాచి, నొక్కి చూసింది. ఏ లోపమూ దొరకలేదు. తుంటి మీద అనుమానం వచ్చి, వంటింట్లోనే అక్కను నిలబెట్టింది.

"ఎప్పుడూ నామీద ఒంటికాలి మీద లేస్తావుగా. ఏదీ, ఓసారి నిజంగా నిలబడు" అంది.

కండక్టరమ్మ ఎడమ కాలు ఎత్తి కుడికాలి మీద నిలబడింది. నడుము అటూ ఇటూ ఒరగలేదు. తుంటి భేషుగ్గా ఉందని చెల్లెలు తేల్చేసింది. మోకాలికే కసరత్తులు చెప్పింది. వారాలు గడిచినా నొప్పి ఉన్నచోటే ఉంది.

ఒక సాయంత్రం చెల్లెలి స్కూటరు మొరాయించడంతో అక్క బస్సే ఎక్కింది. లోపల కాలు పెట్టే సందు లేదు. అంత రద్దీలో అక్క ఒక చేత్తో టికెట్ల మిషను, ఒక చేత్తో చిల్లర పట్టుకుని, ఏ కడ్డీనీ పట్టుకోకుండా తిరుగుతోంది. మలుపు వచ్చినా తూలడం లేదు. చెల్లెలు తేరిపార చూసింది. అక్క ఆగిన ప్రతిచోటా కుడి తుంటిని సీటు అంచుకు ఆనిస్తోంది. ఆఖరికి బస్సు ఆగి ఉన్నప్పుడు కూడా ఆనుకునే ఉంది. రెండు చేతులకూ పనున్న ఉద్యోగం. కండక్టర్లందరికీ అదే అలవాటు.

చెల్లెలికి నవ్వాగలేదు. చెల్లెలైనా టికెట్టు టికెట్టేనని కండక్టరమ్మ చెయ్యి చాపింది.

ఇంటికెళ్ళాక చెల్లెలు అసలు సంగతి చెప్పింది. "ఆ రోజు వంటింట్లో నువ్వు గట్టుకి ఆనుకున్నావే అక్కా. నువ్వు ఆనుకున్నట్టు నీకు తెలీదు. నేనేమో చూసుకోలేదు."

ఆనుకోలేదని కండక్టరమ్మ వాదించింది. చెల్లెలు కుర్చీలన్నీ పక్కకు లాగి, అక్కను గది నట్టనడుమ నిలబెట్టింది. ఎడమ కాలు ఎత్తిన మరుక్షణం నడుము ఎడమ పక్కన కిందికి జారింది. కండక్టరమ్మ గబుక్కున చెల్లెలి భుజం పట్టుకుంది.

అడుగు వేసిన ప్రతిసారీ మనిషి లిప్తపాటు ఒంటికాలి మీదే ఉంటాడని చెల్లెలు వివరించింది. తుంటి కీలును ఎముకా, దాన్ని చుట్టిన గట్టి పొరా పట్టి ఉంచుతాయి. కానీ ఒంటికాలి మీద నడుము ఒరగకుండా ఆపేవి తుంటి బయటి పక్కనున్న కండరాలు. వాటిని నడిపే నరం వెనక నుంచి వస్తుంది. ఇక నొప్పి సంగతంటావా, తొడలోకి దిగే నరాలే తుంటికీ మోకాలికీ కొమ్మలు వేస్తాయి. అందుకే ఒక్కోసారి తుంటి మొరపెట్టుకుంటే మనకు మోకాలు ఏడ్చినట్టుంటుంది.

"ఆ వెనక నరం చచ్చిపోయిందంటావా?" అని అడిగింది కండక్టరమ్మ.

నరమే పోతే ఎన్ని కసరత్తులు చేయించినా లాభం లేదని చెల్లెలికి తెలుసు. అక్కను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, తుంటి పైన వేళ్ళు ఆనించి, కుడికాలు పైకెత్తమంది. కాలు వణుకుతూ జానెడు లేచింది. చెల్లెలి వేళ్ళ కింద కండ గట్టిపడింది.

"నరం నిక్షేపంగా ఉంది. ఇన్నేళ్ళూ నీ బరువు సీటే మోసిందిగా, ఈ కండకు ఒళ్ళు బద్ధకం పట్టింది. దీన్ని దారికి తెచ్చే పూచీ నాది" అంది చెల్లెలు.

ఇంట్లో కసరత్తు తేలికే. బస్సులో ఆనుకోకుండా ఉండటమే గండం. కండక్టరమ్మ డ్రైవరన్నకు సంగతి చెప్పింది. ఆయన స్టాపుల్లో ఆగినప్పుడల్లా అద్దంలో చూసి, ఆమె తుంటి సీటుకు తగిలిందంటే చిన్నగా హారను కొట్టేవాడు. ముందు ఎవరూ లేకపోయినా ఈ మోత ఏమిటని జనం విసుక్కున్నారు. కారణం తెలిశాక వాళ్ళే హారనులా కూత పెట్టడం మొదలుపెట్టారు. సిగ్గుతో చచ్చిపోతున్నానని ఆమె తిట్టింది గానీ ఆనుకోవడం మానింది. మెల్లగా మోకాలు నోరు మూసుకుంది.

పరీక్షనాడు డాక్టరు గోడ పక్కన నిలబడమన్నాడు. మధ్యలో నిలబడతానని ఆమే ముందుకొచ్చింది. ఎడమ కాలు ఎత్తింది. ఆయన వెనక నిలబడి నడుమును పరీక్షగా చూశాడు. నడుము జారలేదు. మడమ దగ్గర సన్నటి వణుకు పుట్టింది. తుంటి దాన్ని పైకి రానివ్వలేదు.

"చాలమ్మా, కాలు దించండి" అన్నాడు డాక్టరు.

"మీరు సంతకం పెట్టండి సార్, నాకేం తొందర లేదు" అంది కండక్టరమ్మ.

ఆయన నవ్వి, కలం కోసం జేబు తడుముకున్నాడు.