ఏనుగుల పెట్టె

తెల్లవారేసరికి మాదాపూర్ మీద మబ్బు కమ్మింది, చినుకు మాత్రం రాలలేదు. తెలంగాణ బంద్. ఆటల కంపెనీకి నడిచి వచ్చింది ఇద్దరే: యుద్ధం ఆట తయారుచేసిన సురేంద్ర, దాన్ని ఆడి పరీక్షించే మహేందర్.

ఇద్దరూ ఎదురెదురుగా ఆడితే మహేందర్ మొదటిసారి గెలిచాడు. ఆటలో దారిలో దొరికిన పెట్టెలోంచి అతని సైన్యానికి ఏనుగులొచ్చాయి.

"అది అదృష్టం లేప్పా," అన్నాడు సురేంద్ర. " పెట్టె తీసేస్తే ఆట సమానమైతాది. తీసేయమని రిపోర్టులో రాయి."

"తీస్తే నాకేం మిగుల్తది? ఏరున్న కోట నీది, నీళ్లు లేక సైన్యం పెరగని ఎండిన దిబ్బ నాది. ఇగ నేనెన్నడు గెలుస్తనన్నా?"

"ఏరు సంగతా? అది అందం కోసం గీసినానే!"

పెట్టె ఉంచితే గెలిచింది తనో, ఏనుగులో మహేందర్‌కు ఎప్పటికీ తెలియదు. రిపోర్టు రాయబోయి ఆగాడు. సురేంద్ర తెరమీది ఏటినే చూస్తున్నాడు.

క్యాంటీన్ మూసి ఉంది. సురేంద్ర తన చిత్రాన్నంలో సగం డబ్బా మూతలో పెట్టి మహేందర్ వైపు జరిపాడు. ఇద్దరూ తెర ముందే కూర్చుని తిన్నారు.