మూడు హారన్లు

నా నోరు మంచిది కాదని మా మోటారుబండ్ల గుంపులో అందరికీ తెలుసు. మెకానిక్ షెడ్డు నడిపే ఆడదాని నోరు మెత్తగా ఉంటే పనులు జరగవు. అందుకే ఆ ఆదివారం పొద్దున్నే, ఘాట్ రోడ్డు ఎక్కకముందే అందరినీ నిలబెట్టి చెప్పాను.

"ఇవాళ మా తమ్ముడు వస్తున్నాడు. వాణ్ణి ఎవరైనా జాలిగా చూశారో, మీ బండ్లు ఇంక నా షెడ్డు గడప తొక్కవు."

ఏడాది కిందట ఇదే కొండ మీద, తెల్ల పిట్టగోడ ఉన్న మలుపులో వాడు పడ్డాడు. ఆ రోజు వాడి ముందు బండి నాది. చల్లగాలికి, ఆ పచ్చదనానికి ఒళ్లు మరిచి పది నిమిషాలు అద్దంలోకే చూడలేదు. ఆ పది నిమిషాలూ వాడు విరిగిన కాలుతో రోడ్డు మీద ఒక్కడే ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. కాలు అతుక్కుంది కానీ బండి షెడ్డు మూలనే ఉండిపోయింది. రోజూ తుడుస్తాడు, ఎక్కడు. ఇవాళ ఆ మలుపు దాటలేకపోతే అమ్మేస్తానన్నాడు.

అప్పటి నుంచే మాకో పద్ధతి వచ్చింది. వెనక బండి అద్దంలో కనిపించకపోతే ఆగాలి. రెండు హారన్లు కొడితే 'మీ కోసం చూస్తున్నాం' అని. మూడు కొడితే 'ఎవరో పడ్డారు, రండి' అని. అందరికన్నా వెనకుండే బండిని తోక అంటాం. ఏడాదిగా తోక నేనే.

సగం కొండ బాగానే ఎక్కాడు. తెల్లగోడ కనపడగానే పక్కకు ఆపి, హెల్మెట్ తీసేశాడు. ముందు బండ్లు మలుపు దాటి వెళ్లిపోయాయి.

"ఏమైందిరా?"

"చేతులు మాట వినట్లేదక్కా. నువ్వెళ్లు. నేను బండి తోసుకుంటూ దిగిపోతా."

తిట్టడానికే నోరు తెరిచాను. ఒక్క తిట్టు గుర్తొస్తే ఒట్టు. వాడి చెయ్యి పట్టుకున్నాను.

"సరేలే, తోసుకుంటూనే పోదాం. ఇద్దరం" అన్నాను.

అప్పుడు పైనుంచి హారన్ వినబడింది. ఒకటి. రెండు. మూడు.

"ఎవరో పడ్డారక్కా!"

హెల్మెట్ తగిలించడం, బండి తియ్యడం, మలుపు తిరగడం, అన్నీ నేను స్టాండు తీసేలోపే అయిపోయాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. వెంటబడ్డాను. వాడి బండి ఎక్కడ వాలాలో అక్కడ వాలింది, ఎక్కడ లేవాలో అక్కడ లేచింది.

పైన మావాళ్లంతా ఫ్లాస్కు తెరిచి టీ తాగుతున్నారు.

"ఎవరు? ఎవరు పడ్డారు?" అంటూ తమ్ముడు దూకినంత పని చేశాడు.

"ఎవరూ పడలేదోయ్" అన్నారు లెక్కల మాస్టారు, కప్పు పట్టుకుని. "మీరు కనపడకపోతే, ఎదురుచూస్తున్నామని కొట్టాను."

"దానికి రెండు కదా మాస్టారూ!" అన్నాడు తమ్ముడు.

"మూడు కాదూ?"

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి! దులిపేద్దామని కొంగు బిగించే లోపల తమ్ముడు నా భుజం పట్టుకున్నాడు.

"అక్కా, తెల్లగోడేది?"

కిందకు చూపించాను. చెట్ల సందున చిన్న గీతలా ఉంది. వాడు తొంగి చూశాడు. తర్వాత రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాడు. దాచడమెందుకు, నేనూ ఏడ్చాను. మాస్టారు ఏం తప్పు చేశారో తెలియక, రెండు కప్పుల టీ పట్టుకుని మా ముందు నిలబడ్డారు.

దిగేటప్పుడు నేను అలవాటుగా వెనక్కి పోతుంటే తమ్ముడు బండి అడ్డం పెట్టాడు.

"తోక నేను. నువ్వు నా ముందు పో."

"అద్దం చూడనిదాన్నని తెలిసి కూడానా?"

"చూస్తావులే. పోవే అక్కా."

తెల్లగోడ దాటుతూ అద్దంలోకి చూశాను. వెనకే ఉన్నాడు. నేను చూడటం చూసి, వెధవ, ఎడమ చెయ్యెత్తి ఊపాడు.

"రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టరా!" అని కొండంతా వినపడేలా అరిచాను.