పడవ అడుగున ఏడు ఇనుప మేకులు

తుఫానులో చిక్కిన వాళ్లని ఒడ్డుకు చేర్చే ఆ పడవ ఆఖరిసారి తిరగబడి పంతొమ్మిదేళ్లయింది. అందులో వెళ్లిన ఆరుగురిలో ఇద్దరు తిరిగి రాలేదు. ఒకాయన ఆ పడవను చూసుకునే వడ్రంగికి స్వయానా బావ. ఇప్పుడా పడవను బాగుచేసి మ్యూజియంలో జనానికి చూపించాలని ఆ పని అతనికే అప్పజెప్పారు. ప్రారంభానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

అక్క రోజూ మధ్యాహ్నం షెడ్డుకి వచ్చి బావ తెడ్డు వేసే చోటు తడిమేది. "ఒరేయ్, పాత రంగే వెయ్యరా. లేకపోతే ఆయన గుర్తుపట్టరు" అని తనే నవ్వేది.

ఆ ఉదయం వడ్రంగి అడుగున రంగు గీకుతుంటే ఒక పలక కదిలింది. పడవంతా రాగి మేకులే. ఆ పలకకి మాత్రం ఏడు ఇనుప మేకులు, ఉప్పునీటికి తుప్పుపట్టి పుల్లల్లా విరిగి ఉన్నాయి. అవి కొట్టింది తనే. అప్పట్లో మరమ్మతు చేస్తుంటే రాగివి అయిపోయి ఇవి కొట్టాడు, వారంలో మార్చేద్దాంలే అనుకుని మర్చిపోయాడు. పది నెలలకి తుఫాను వచ్చింది. అందరూ పెద్ద అల కొట్టిందన్నారు. అతనూ అదే నమ్మాడు.

కొత్త పలక వేసి రంగు కొడితే ఎవరికి తెలుస్తుంది? గబగబా మేకులు పీకుతుంటే ఉలి జారి బొటనవేలు తెగింది. అప్పుడే మ్యూజియం మేడమ్ వచ్చింది.

"అయ్యో, రక్తం! ఆ పలక మార్చకండి. పడవ ఎక్కడ విరిగిందో జనం చూడాలి."

మింగలేక కక్కలేక తలూపాడు.

మధ్యాహ్నం అక్క వచ్చి, వేలు చూసి రుమాలుతో కట్టు కట్టసాగింది. "ఏంట్రా, చిన్నపిల్లాడిలా?"

"అక్కా, బావని అల చంపలేదు. నేనే చంపాను." మేకు ఆమె చేతిలో పెట్టి అంతా చెప్పేశాడు.

"తెలిసే కొట్టావా?"

"మార్చేద్దామనుకున్నాను. మర్చిపోయాను."

"మర్చిపోయావా! నేను ఆయన్ని ఒక్కరోజూ మర్చిపోలేదురా."

కట్టు సగంలో వదిలేసి వెళ్లిపోయింది.

అతను తిన్నగా మేడమ్ దగ్గరికి వెళ్లాడు. "ఆ ఇద్దరూ వడ్రంగి తప్పు వల్లే పోయారని బోర్డు మీద రాయండి." వద్దని ఆమె ఎంత బతిమాలినా వినలేదు.

ప్రారంభం రోజున పోయిన రెండో మనిషి కూతురు బోర్డు చదివి, అందరి ముందూ అతని చెంప పగలగొట్టింది. అక్క రానేలేదు.

వారం తర్వాత వెళ్లి అక్క తలుపు తట్టాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. మర్నాడు మళ్లీ వెళ్లాడు.