మీ తాత పేగు నిద్ర లేచిన రోజు

రమ్యా, ఆ ఫోను పక్కన పెట్టి ఇట్లా నా మంచం మీదికి రా. ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు.

మీ తాత లచ్చయ్యకు పేగు మెలిపడితే మిర్యాలగూడ దవాఖానలో ఆపరేషన్ చేశారు. కోసిన చోట బాగానే ఉంది. కాని గుక్కెడు నీళ్లు కూడా తాగనివ్వలేదు. నర్సు సంతోషి వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది.

“తాతా, గాలి పోయిందా?”

మీ తాత పైకి ఫ్యాను వైపు చూసేవాడు. “లేదు బిడ్డా.”

అది పోతే ఏమొస్తుందో తెలియక నేనే అడిగాను. ఆ పిల్ల ఓపికగా చెప్పింది.

“నమిలి మింగింది కడుపుల పుల్లటి రసంల నాని జావ అయితది అవ్వా. సన్నపేగు దాంట్ల సత్తువంతా గుంజుకుంటది. మిగిలిన నీళ్లు పెద్దపేగు గుంజుకుంటది. పేగు ముడుసుకుంట, సాగుకుంట ముందటికి తోస్తనే ఉంటది. ఆపరేషన్ అయినంక జర పండుకుంటది. గాలి పోయిందంటే లేసినట్టు. లేవకముందే తింటే ఆడనే ఆగి కడుపు ఉబ్బుతది.”

నాకు వెంటనే అర్థమైంది. మన పొలం సాగర్ కాల్వ చివర ఉంది కదా. పైన గేటు ఎత్తారని ఎవరెంత చెప్పినా, మన మడి తడిస్తేనే కాల్వ పారినట్టు.

ఆకలికి మీ తాత పక్క మంచం అతని ఇడ్లీని చట్నీలో మునిగిన దగ్గర నుంచి నోట్లోకి పోయేదాకా కళ్లతో సాగనంపుతున్నాడు. అప్పుడు కోదాడ నుంచి మీ అమ్మమ్మ సైదమ్మ చూడవచ్చి, మంచం పక్కనే కూర్చుంది. వియ్యపురాలి ముందు మీ తాత ఏనాడూ తేన్చిన మనిషి కూడా కాదు. మీ అమ్మ పెళ్లిలో ఆమె వడ్డిస్తుంటే, మారు అడగలేక సగం ఆకలితో లేచాడు.

నేను బట్టలు ఉతుక్కొచ్చేసరికి డాక్టరు వచ్చి ఉన్నాడు. సంతోషి మళ్లీ అడిగింది. మీ తాత మళ్లీ ఫ్యానుకే చెప్పాడు, లేదని.

“సాయంత్రందాకా చూద్దాం. కాకపోతే సూర్యాపేట పంపుతం. మళ్ల కోయాల్సి రావచ్చు,” అన్నాడు డాక్టరు.

తడి బట్టలు నా చేతిలోనే ఉండిపోయాయి. ఒక్క కోతకే మనిషి సగమయ్యాడు.

సైదమ్మ కొంగు సర్దుకుంది. మళ్లీ సర్దుకుంది.

“పోయిందండీ,” అంది.

“ఏం పోయిందమ్మా?”

“గాలి. అన్నయ్యది. ఇందాక ఈవిడ బట్టలకు పోయినప్పుడు.”

“నువ్వు నిద్రపోతుంటివి కదా చెల్లె,” అన్నాడు మీ తాత.

“మొదటిది వినంగనే కళ్లు మూసుకున్నా అన్నయ్యా. మీకు నామోషీ అని.”

“రెండోది కూడా ఉందా?” అన్నాడు డాక్టరు.

“ఉందండీ. అది పెద్దది.”

మీ తాత దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. డాక్టరు దుప్పటినే అడిగాడు.

“నిజమేనా పెద్దాయనా?”

“అయి ఉండొచ్చు సారు,” అంది దుప్పటి.

డాక్టరు చెవులకు గొట్టం పెట్టుకుని కడుపు విన్నాడు. పేగు కదులుతున్నదని చెప్పి, సూర్యాపేట మాట మానేశాడు. ముందు చెంచాతో నీళ్లు, తర్వాత పలుచటి గంజి పట్టమన్నాడు. సైదమ్మే పట్టింది. గ్లాసు ఖాళీ అయ్యాక మీ తాత ఆమె మొహంలోకే చూసి అడిగాడు.

“ఇంకింత ఉన్నదా చెల్లె?”

గుర్తుంచుకో బిడ్డా. మనవాళ్లలో ఎవరికి ఇట్లాంటి ఆపరేషన్ అయినా, పక్కన కూర్చుని ఈ కథ చెప్పు. తాత ఉన్నప్పుడు మాత్రం చెప్పకు.