మన గుంట

నాకు తొందరెక్కువ. ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే అర్థమైపోయిందంటాను. సూరత్ ఖటోదరాలో ముప్పై ఏళ్ళుగా సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతున్నాను. ఆ చప్పుడులో మాట వినపడదు, పెదవులు చూసి పట్టుకోవాలి. అదే అలవాటు ఇంట్లో కూడా.

కరోనా రెండో ఏడు ఏప్రిల్‌లో మా అవ్వకు, అంటే నన్ను కన్నతల్లి భాగీరథికి, జ్వరం తగిలింది. అమ్రోలిలో మాది ఒక్కటే గది. మధ్యన పాత చీర కట్టి అవ్వను అవతల పడుకోబెట్టాం. సరిగ్గా అప్పుడే ఊరి నుంచి మా పెదనాయన కొడుకు దశరథం ఫోన్ చేశాడు.

"తమ్మీ సోమలింగం, పాత జాగల నేను ఇల్లు కడుతున్న. వారంల జేసీబీ వస్తది. మీ పాలు ఏ దిక్కు కావాల్నో ఇప్పుడే చెప్పు. తర్వాత లొల్లి వద్దు."

ఇద్దరికీ కలిపి మూడు గుంటల జాగ అది. అవ్వా నాయినా సూరత్ వచ్చాక ఇల్లు పాడుపడి కూలిపోయింది. మట్టిగోడలు వానలకు కరిగాయి. నేను పుట్టింది ఇక్కడే, ఆ ఇల్లు ఎక్కడుండేదో నాకేం తెలుసు. దశరథం వీడియో కాల్‌లో జాగంతా తిప్పి చూపించాడు. తుమ్మ ముళ్ళు, ఒక మేక తప్ప ఏమీ కనపడలేదు. అవ్వనే అడిగాను.

"మిగిలింది ఏమన్న కానీ బిడ్డా," అంది తెర వెనక నుంచి, దగ్గుతూ. "మన గుంట మాత్రం పోనియ్యకు. దాన్ని ఎవ్వలు ముట్టొద్దను. ఎనుక గోడకాడ..."

"నువ్వు మాట్లాడకు, దమ్మొస్తది. నేను చూసుకుంట గద."

మా పాలు గుంటన్నర. ముసలిది గుంట చాలంటోంది అనుకున్నాను. రోడ్డు పక్కన గుంటన్నర అడిగితే దశరథం కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు. ఎంత తెలివిగలవాణ్ణి అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

"మన గుంట పదిలమే అవ్వా," అన్నాను.

"కదిలియ్యరు గద?"

"భూమి యాడికి కదుల్తదే?"

నాలుగు రోజులుగా ఏమీ ముట్టనిది, ఆ పూట గ్లాసెడు గంజి తాగింది.

ఎనిమిది రోజులకు దశరథం వీడియో పంపాడు. జ్వరం దిగి అవ్వ లేచి కూర్చుంటోంది. సంబరంగా తెర పక్క నుంచి ఫోన్ అందించాను. అందులో దశరథం గొంతు: "ఎనుక గోడకాడ బాబాయి మగ్గం గుంట తేలింది తమ్మీ. అంత పెకిలించి సాఫ్ చేయించిన."

మగ్గం గుంట. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకోవడానికి నేలలో తవ్వే గొయ్యి. నిలబడి సాంచాలు నడిపే నాకు గుంటంటే జాగ కొలతే గుర్తొచ్చింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అవ్వ ఆ వీడియో మూడుసార్లు చూసింది.

"ఆ గుంటల నీ అక్క ఉన్నది," అంది. "పంతొమ్మిది దినాల పిల్ల. పేరు కూడ పెట్టలే. నాలుగు దినాలు ఒక్కతీరుగ వాన, బయటికి పోరాలే. మీ నాయిన మగ్గం ఇప్పి, అండ్లనే పెట్టి పూడ్చిండు. మల్ల ఆ ఇంట్ల నేయబుద్ధి కాలే ఆయనకు. గందుకే సూరత్ వచ్చినం."

నలభై ఆరేళ్ళకు తెలిసింది నాకొక అక్క ఉండేదని. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంట ఎవరిమీద చూపించాలో తెలియక అవ్వ మీదే అరిచాను.

"ముందుగాల చెప్తే ఏం పోయింది నీకు?"

"చెప్పబోయిన. మాట్లాడకన్నవ్."

దశరథానికి ఫోన్ చేసి, ఆ మట్టి ఏం చేశావని అడిగాను.

"ట్రాక్టర్లకెత్తి ఊళ్ళె రోడ్లకు పోయించిన. యాడ గుంత కనవడితె ఆడ. అందరు మంచి పని జేసినవన్నరు. ఏమైంది తమ్మీ?"

అతని తప్పేముంది. ఏమీ లేదని పెట్టేశాను. అవ్వ చీర పక్కకు జరిపి నా మొహమే చూస్తోంది.

"యాడ పోసిండ్రంట ఆ మట్టి?"

"రోడ్డు పక్క మన జాగల్నే అవ్వా. పల్లముంటే అండ్ల పోయించిండట." అబద్ధం గడగడా వచ్చేసింది.

"అంతనా?"

"అంత."

అవ్వ మెల్లగా పడుకుంటూ, "అయితే అండ్ల ఎవ్వలను ఇల్లు కట్టనియ్యకు కొడకా. నువ్వు కూడ కట్టకు," అంది.

కట్టనన్నాను.