సగం బీడీ

ఈదమ్మకు మొగుడి దగ్గు కన్నా పక్కింటి దగ్గే ఎక్కువ వినిపించింది. పక్కింట్లో ఉండేది యారాలు నర్సమ్మ, మొగుడి అన్న పెళ్ళాం. ఆ అన్న పోయి చాలా కాలమైంది. శామీర్‌పేట చెరువులో వల లాగి ఒడ్డుకొచ్చాక ఈదమ్మ మొగుడు మొగులయ్య బీడీ ముట్టించేవాడు. సగం తాగి, చేపలు ఏరుతున్న వదినకు మిగతాది అందించేవాడు. ఊళ్ళో ఎవరికీ అదొక వింత కాదు. ఈదమ్మ మాత్రం ఆ సగం బీడీ చూసి ఏళ్ల తరబడి కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు, ఇక్కడ రెండూ కళ్ళెదుటే ఉంటే ఇంక సాక్ష్యమెందుకని ఆమె వాదన.

ఈ చలికి వైరస్ జ్వరం కూడా ఆ బీడీ వెంటే నడిచింది. ముందు మొగులయ్యకు, ఆ వెంటనే నర్సమ్మకు. మొగుడి పక్కన పడుకునే ఈదమ్మకు తుమ్మైనా రాలేదు. రోగానికి కూడా తను పరాయిదైపోయిందని కుతకుతలాడింది.

దగ్గుతో పాటు కడుపునొప్పి అంటుంటే మొగులయ్యను మేడ్చల్‌లో ఆసుపత్రికి తీసుకుపోయింది. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం కడుపులో బుడగలా ఉబ్బిందని స్కానింగ్ చూసి డాక్టరమ్మ చెప్పింది. ఏళ్ల తరబడి తాగిన పొగ దాని గోడను పాడుచేసిందట. ఊపిరితిత్తులకు పట్టే ఇలాంటి వైరస్ జబ్బులు ఆ బలహీనతకు తోడయ్యే ప్రమాదముందట. బీడీ మానాలి, ఉబ్బు పెరుగుతోందేమో చూపించుకుంటూ ఉండాలి. కడుపులోనో నడుములోనో పోటు వస్తే పరుగెత్తుకు రావాలి, అది పగిలితే మనిషి దక్కడం కష్టం. ఇంట్లో ఇంకెవరైనా పొగ తాగితే, ఆడవాళ్ళైనా సరే, ఒకసారి తీసుకురమ్మంది.

మొగులయ్య నేలచూపులు చూశాడు. ఈదమ్మ సంచి సర్దుకుంది.

ఆయన బీడీ మానేశాడు. వదిన గడప మాత్రం తొక్కలేదు, డాక్టరమ్మ తీసుకురమ్మన్న మాట ఆమెకు చెప్పలేదు. చెబితే పెళ్ళాం ఒంటికాలి మీద లేస్తుందని భయం. ఎప్పుడు పోయి చెబుతాడా, అప్పుడు కడిగేద్దామని ఈదమ్మ కాపు కాసింది. ఈ మొగుడూ పెళ్ళాల నడుమ నర్సమ్మ దగ్గుతూ, బీడీ తాగుతూనే ఉంది. ఒకరోజు పొద్దున చేపల గంప దించి, నడుము పట్టుకుని వాకిట్లోనే కూలబడింది. అప్పుడు ఈదమ్మకు నిజంగా భయమేసింది. ఈ మనిషి చస్తే ఆ పాపం తనదే.

"లే అక్కా, మేడ్చల్ పోదాం. నిన్ను గూడ తోల్కరమ్మని డాక్టరమ్మ ఆనాడే అన్నది. నేనే జెప్పలే," అంది ఆటో పిలిచి.

నర్సమ్మకు ఏమీ కాకూడదని దారి పొడుగునా మొక్కుకుంది. మొక్కు ఫలించింది. నాళం నిక్షేపంగా ఉందని, నడుము దగ్గి దగ్గి పట్టేసిందని, బీడీ మాత్రం ఇక ముట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. హమ్మయ్య అనుకునేలోపే ఈదమ్మకు పాత కడుపుమంట భగ్గుమంది. ఒకే బీడీ ఇద్దరూ తాగితే దెబ్బ నా మొగుడికేనా?

నర్సమ్మ సంబరపడలేదు. బల్ల మీదే కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"గా రోగమేదో ఆనికి గాకుండ నాకొస్తే అయిపోవు గద చెల్లె. పిల్లలుగల్లోడు."

మొగుడికి స్కానింగ్ చేయించిన నాటి నుంచి ఈదమ్మ ఏడ్చింది, తిట్టింది, కనపడ్డ దేవుడికల్లా దండం పెట్టింది. ఈ ఒక్క మాట మాత్రం ఆమె నోట రాలేదు, మనసుకైనా తోచలేదు. మొగుడి కోసం పెళ్ళాం అనాల్సిన మాటను కూడా నర్సమ్మే ముందు అనేసింది.